పలికే కర్ర: గిలక్కాయకు చెక్క ఎంపిక

పసిబిడ్డ గిలక్కాయను చూడ్డానికంటే ముందు వింటుంది. చేతికి అందగానే నోట్లో పెట్టుకుంటుంది. చెవి పెట్టే పరీక్షలోనూ నోరు పెట్టే పరీక్షలోనూ గిలక్కాయను నెగ్గించేది దాని చెక్కే. రంగు ఆ తర్వాతి సంగతి. అందుకే ఈ కథనంలో ఎక్కువ భాగం కర్ర లేత్ ఎక్కకముందు జరిగే పని గురించే రాస్తున్నాను. ఏ చెట్టు, అందులో ఏ కొమ్మ, ఆ కొమ్మలో ఏ ముక్క, అది ఎంతకాలం ఆరాలి, కొడితే ఎలా పలకాలి అన్నవి తేలితే మిగతాది చేతి అలవాటు మీద నడిచిపోతుంది.

తునిలో ఉన్నవాళ్లకు ఈ విద్య చూడ్డానికి దూరం పోనక్కర్లేదు. తాండవ నది దాటి, పాయకరావుపేట మీదుగా విశాఖ వైపు జాతీయ రహదారి మీద గంటలోపు వెళ్తే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక వస్తుంది. ఇప్పుడది అనకాపల్లి జిల్లా, తుని కాకినాడ జిల్లా. 2022లో జిల్లాలు మారినా కర్ర మాత్రం రెండు వైపులా ఒకటే. లక్కపిడతలు, బొంగరాలు, కుంకుమ భరిణెలు, గిలక్కాయలు అక్కడి లేతుల మీద తయారవుతాయి. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కర్తవ్యపథ్‌లో నడిచిన ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలదే, దానికి మూడో బహుమతి దక్కింది. రసాయన రంగులు వదిలి ఆకులు, గింజలు, వేళ్ల నుంచి తీసిన రంగులవైపు ఆ ఊరి పనిని మళ్లించిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఇన్ని గుర్తింపుల వెనుకా ఉన్నది ఒకే ఒక్క చెట్టు, అంకుడు.

కర్రను చెవితో ఎంచుకునే పని ప్రపంచంలో చాలాచోట్ల ఉంది. అమెరికాలో అడవి టర్కీ కోళ్లను వేటాడేవాళ్లు ఆడకోడి కూతను అనుకరించడానికి చిన్న చెక్కపెట్టెలు చేసుకుంటారు. పల్చటి పక్కగోడలున్న పెట్టె, దానిమీద ఒక కొసన మరతో బిగించిన పిడి మూత. మూత అడుగున సుద్ద రాసి గోడ అంచు మీద జరిపితే చెక్క చెక్కను పట్టుకుంటుంది, జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. ఆ పట్టు విడుపుల్లోంచి కూత పుడుతుంది. ఆర్కన్సా రాష్ట్రానికి చెందిన హెన్రీ గిబ్సన్ 1897లో ఇలాంటి పెట్టెకు పేటెంట్ తీసుకున్నాడు. సెడార్, వాల్‌నట్, చెర్రీ, మహాగని, పాప్లర్ వాళ్లు మెచ్చే కర్రలు. పెట్టెకు ఒక కర్ర, మూతకు మరో కర్ర జతచేసి, ఏ జోడీ ఎలా కూస్తుందో వింటూ పోతారు.

మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షులను వేటాడటం నేరం. కాబట్టి పక్షిని పిలిచి పట్టే పరికరం చేయమని నేనెవరికీ చెప్పను. కానీ వాళ్లు కర్రను వినే తీరు మాత్రం మనకు పనికొస్తుంది. అది మనకు కొత్తదీ కాదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ చేసేవాళ్లు పనస దుంగను ఎంచేటప్పుడు చేసేది ఇదే. ఏకాండి వీణకు కుండ, దండి అన్నీ ఒకే దుంగలోంచి రావాలి గనక అక్కడ ఎంపికలో పొరపాటు జరిగితే దుంగ మొత్తం పోతుంది. గిలక్కాయ చిన్న వస్తువు, పోయేది ఒక ముక్కే. నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి పాఠం లేదు.

మొదటి పని చెట్టును గుర్తుపట్టడం. అంకుడు మధ్యస్థమైన చెట్టు. తూర్పు కనుమల పాదాల్లో, మెట్ట పొలాల గట్ల మీద, బీడుల్లో పెరుగుతుంది. ఆకు తుంచితే పాలు కారతాయి. ఎండాకాలంలో తెల్లటి, వాసనగల పూలు పూస్తుంది. తేలిగ్గా పట్టించేవి కాయలు. సన్నగా, పొడుగ్గా, జంటలుగా కిందికి వేలాడతాయి. లేతగా ఉన్నప్పుడు ఆ జంట కొసలు రెండూ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఈ గుర్తు చాలా ముఖ్యం, ఎందుకంటే గిరిమల్లిక అనే మరో పాలచెట్టు దీనికి దగ్గర పోలికలతో ఉంటుంది. పాలకొడిసె అనే పేరు కొన్ని ఊళ్లలో దీనికీ, కొన్ని ఊళ్లలో దానికీ వాడతారు కాబట్టి పేరు అడిగి తెచ్చుకుంటే తప్పుకర్ర రావచ్చు. గిరిమల్లిక కాయలు కూడా జంటగానే వస్తాయి గానీ కొసలు విడిగా ఉంటాయి. అంకుడు ఆకులో నీలి రంగు ఉంటుంది, వెనకటికి దాన్నుంచి నీలిమందు తీసిన చోట్లూ ఉన్నాయి. తెల్లటి కర్ర, నీలం దాచుకున్న ఆకు ఒకే చెట్టువి కావడం నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది.

కోసి చూస్తే లోపల చెక్క దంతం రంగులో ఉంటుంది. బయటి తెల్లచెక్కకూ లోపలి చేవకూ పెద్ద తేడా కనబడదు. నార సన్నం, రంధ్రాలు కంటికి ఆనవు. ఉలి ఆనించి తిప్పితే అంచులు పెచ్చులూడవు. వాసన ఉండదు, నాలుకకు చేదు తగలదు, జిగురు ఊరదు. పసిబిడ్డ నోట్లోకి వెళ్లే వస్తువుకు ఇంతకన్నా ఏం కావాలి? కర్ణాటకలో చన్నపట్న బొమ్మలవాళ్లు కూడా ఇదే కర్రను పట్టుకున్నారు, అక్కడ దీన్ని ఆలె అంటారు. ఎక్కడో ఉన్న రెండు ఊళ్ల పనివాళ్లు ఒకే చెట్టు దగ్గరికి చేరారంటే లేత్‌కూ లక్కకూ అది ఎంత బాగా కుదురుతుందో ఊహించుకోవచ్చు. కొండపల్లిలో వాడే తెల్లపొణికి సంగతి వేరు. అది చాలా తేలిక, మెత్తన, కత్తితో చెక్కి రంగు వేసే బొమ్మలకు అద్భుతంగా పనికొస్తుంది. అదే లేత్ ఎక్కించి లక్క కడ్డీ గట్టిగా ఒత్తితే నలుగుతుంది. గిలక్కాయ చేస్తే శబ్దం లోపలే మింగేస్తుంది.

ఇక కొట్టడం. సొంత గట్టు మీది చెట్టైనా నరకాలంటే ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలి. అడవి చెట్టు జోలికి సొంతంగా పోకూడదు. నా అభిప్రాయంలో చెట్టును మొదలంటా కొట్టాల్సిన అవసరం గిలక్కాయకు ఎప్పుడూ రాదు. కావలసింది మణికట్టు లావు నుంచి పిక్క లావు వరకూ ఉన్న కొమ్మలు. అంకుడు కొట్టినచోట మళ్లీ చిగురించే జాతి, వేళ్ల నుంచీ పిలకలు వేస్తుంది. కొమ్మను ఏటవాలుగా, నీరు నిలవకుండా కోసి వదిలితే కొన్నేళ్లలో అక్కడే మళ్లీ కర్ర తయారవుతుంది. ఈ చేతిపనికి అసలు గండం కర్ర కరువే. బొమ్మలు కొనేవాళ్లు పెరిగినా, అవార్డులు వచ్చినా, అంకుడు మొక్కలు నాటేవాళ్లు లేకపోతే లేతులు ఆగిపోతాయి. పొలం ఉన్నవాళ్లు గట్టు మీద నాలుగు మొక్కలు వేసుకోవాలని గట్టిగా కోరుకుంటాను.

కొట్టే కాలం ఆకు రాలిన తర్వాత, అంటే ఫిబ్రవరి, మార్చి నెలలు. అప్పుడు కొట్టిన కర్రకు ముందు ఎండాకాలం మొత్తం ఉంటుంది. తుని సముద్రానికి దగ్గర, గాలిలో తేమ ఎక్కువ. నైరుతి దిగిందంటే ఆరుతున్న కర్ర తిరిగి తేమ పీల్చుకుంటుంది. జూన్‌లో కొట్టినవాళ్లు దసరా దాకా ఎదురుచూసినా ఆ కర్ర సగం పచ్చిగానే ఉంటుంది, పైగా తెల్లటి చెక్క మీద బూజు చేరి నీలి చారలు పడతాయి. ఆ చారలు కర్ర బలాన్ని పెద్దగా తగ్గించవు కానీ లేత రంగు లక్క కింద నుంచి మరకలై కనబడతాయి.

కొమ్మ చేతికొచ్చాక మొదట చూడాల్సింది కోసిన కొస. మధ్యనున్న బెండు సరిగ్గా మధ్యలో ఉందా, ఓ పక్కకు జరిగిందా? పక్కకు ఒంగి పెరిగిన కొమ్మలో బెండు ఒక పక్కకు జరిగి ఉంటుంది. ఒంగిన కొమ్మ తన బరువు మోయడానికి పైభాగంలో వేరే రకం చెక్కను పెంచుకుంటుంది. ఆ భాగం ఆరేటప్పుడు మిగతా చెక్కకన్నా ఎక్కువ కుంచించుకుని వంకర తిరుగుతుంది, ఉలి కింద నున్నగా రాకుండా నూగు లేస్తుంది. అది గిలక్కాయకు వద్దు. పొయ్యిలోకి పంపినా బాధ లేదు. నిటారుగా పెరిగిన, కణుపుల మధ్య కనీసం జానెడు సాపు ఉన్న ముక్కలే ఏరుకోవాలి. కణుపు ఉన్నచోట నార పక్కకు తిరుగుతుంది. గిలక్కాయ గోడ పల్చన కాబట్టి ఆ తిరిగినచోటే పగులుతుంది.

సన్న కొమ్మైతే బెండు మధ్యలోనే ఉండనివ్వవచ్చు, తర్వాత గుల్ల తీసినప్పుడు చాలావరకు అదే పోతుంది. లావు దుంగైతే నిలువునా నాలుగు చెక్కలుగా చీల్చి, బెండున్న అంచును తీసేయడం మంచిది. రంపంతో కోయడం కన్నా గొడ్డలితో చీల్చడం నాకు నచ్చుతుంది. చీలిక నార వెంట పోతుంది, కర్ర తన దారి తానే చూపిస్తుంది. చీలిక మెలిక తిరిగిందంటే ఆ దుంగలో నార మెలిక తిరిగి ఉందని అర్థం. దాన్ని పిడికి వాడుకోవచ్చు గానీ గుల్లకు పనికిరాదు.

ఆరబెట్టడం దగ్గరే చాలామంది తొందరపడతారు. కొట్టిన రోజే బెరడు తీసేయాలి, లేకపోతే దాని కింద పురుగు చేరుతుంది. బెరడు తీస్తే నీరు వేగంగా పోతుంది, వేగంగా పోతే బీటలు పడతాయి. అందులోనూ రెండు కొసల నుంచి నీరు పక్కల నుంచి కన్నా చాలా వేగంగా పోతుంది. అందుకని కొసలకు కరిగించిన మైనం పూయాలి, లేదా పాత పెయింటు రెండు పూతలు వేయాలి. ఎండలో పెట్టకూడదు. నీడలో, గాలి ఆడేచోట, నేలకు ఎత్తుగా, ముక్కకీ ముక్కకీ మధ్య సందు వదిలి పేర్చాలి. కిందనున్నవి పైకి, పైనున్నవి కిందికి అప్పుడప్పుడు మార్చాలి.

ఎప్పటికి ఆరింది? దీనికి తూకం కన్నా మంచి సాక్షి లేదు. కిరాణా కొట్లో వాడే చిన్న ఎలక్ట్రానిక్ కాటా చాలు. ప్రతి ముక్క మీద పెన్సిల్‌తో తేదీ, బరువు రాసుకోవాలి. వారానికోసారి తూచాలి. మొదట్లో బరువు గబగబా తగ్గుతుంది, తర్వాత నిదానిస్తుంది. వరసగా మూడు నాలుగు వారాలు బరువు కదలకపోతే మన ఊరి గాలితో ఆ కర్ర సర్దుకుందని అర్థం. పచ్చి కర్ర మీద లక్క వేస్తే ఒరిపిడి వేడికి లోపలి నీరు ఆవిరై లక్క పొరను పైకి లేపుతుంది. మొదట బుడగలు, తర్వాత పెచ్చులు. లక్క బాగాలేదని తిట్టుకునేవాళ్లలో చాలామందికి అసలు కారణం కర్రలోని తడి.

ఆరుతున్న కాలంలో ముక్కల కింద పిండి రాలుతోందా అని చూస్తూ ఉండాలి. గుండుసూదంత రంధ్రాలు, కింద మెత్తటి పొడి కనబడితే పుచ్చు పట్టినట్టే. అలాంటి ముక్కను మందు పూసి దాచుకోవాలని చూడొద్దు, పసిబిడ్డ నోట్లోకి వెళ్లే వస్తువు అది. వెంటనే వేరుచేసి కాల్చేయాలి, లేదంటే పక్క ముక్కలకూ పాకుతుంది.

ఇప్పుడు వినడం. సంతలో కుండ కొనేవాళ్లు వేలితో కొట్టి చూసినట్టే కర్రనూ కొట్టి చూడాలి, కాకపోతే పట్టుకునే చోటు తెలియాలి. ముక్కలన్నిటినీ ఒకే పొడవుకు, ఒకే మందానికి కోయాలి. పొడవు సగమైతే స్వరం నాలుగింతలు పైకి పోతుంది, మందం పెరిగినా పైకే పోతుంది. కాబట్టి వేరువేరు కొలతల ముక్కలను పక్కపక్కన పెట్టి వింటే మన చెవి మనల్నే మోసం చేస్తుంది. 30 సెంటీమీటర్ల ముక్కను ఒక కొస నుంచి సుమారు 6.7 సెంటీమీటర్ల దగ్గర రెండు వేళ్లతో వదులుగా పట్టుకుని వేలాడదీయాలి. కొట్టినప్పుడు కర్ర మధ్యా కొసలూ ఊగుతాయి, ఆ చోటు మాత్రం దాదాపు కదలదు. అందుకే అక్కడ పట్టుకుంటే మన వేళ్లు శబ్దాన్ని చంపవు. మరో చేతి వేలి కణుపుతో సరిగ్గా మధ్యలో కొట్టాలి.

మూడు విషయాలు వినాలి. మొదటిది స్వరం ఎంత పైన ఉంది. రెండోది ఎంతసేపు నిలిచింది. మూడోది శుభ్రంగా ఉందా, మధ్యలో జీర ఉందా. తడి ఉన్న కర్ర దబ్బుమంటుంది, శబ్దం పుట్టినచోటే ఆగిపోతుంది. బాగా ఆరిన అంకుడు టంగుమని పలికి ఒక క్షణం నిలుస్తుంది. లోపల కంటికి కనబడని బీట ఉంటే స్వరం వెనక జీర వినిపిస్తుంది. అలాంటి ముక్కను కొస మీద తడిగుడ్డతో తుడిచి వెలుతురుకు పట్టి చూస్తే వెంట్రుకంత గీత నల్లగా తేలుతుంది. స్వరం పైన ఉన్న ముక్కలు గుల్లకు, కిందివి పిడులకు పక్కన పెట్టుకోవాలి. ఇది ఒక్కరోజులో అబ్బే విద్య కాదు, కానీ ముక్కలను పక్కపక్కన కొట్టి చూస్తే ఎవరికైనా తేడా తెలుస్తుంది. పిల్లలకు పెద్దల కన్నా త్వరగా తెలుస్తుందని నా నమ్మకం.

అంకుడు దొరకనివాళ్లు కలప అడితికి వెళ్తారు. అక్కడ మాట ఇలా సాగుతుంది.

"ఏం కర్ర కావాలండీ? ద్వారబంధానికా, మంచానికా?"

"గిలక్కాయకండీ."

"అంత చిన్నదానికి అడితికెందుకండీ బాబూ, ఆ మూల తుక్కులో చూసుకోండి."

ఆ తుక్కే మనకు కావలసింది. ద్వారబంధాల నుంచి తెగిన కొసలు ఏళ్ల తరబడి నీడలో ఆరి ఉంటాయి. అక్కడ ఏది తీసుకోవచ్చు, ఏది వదిలేయాలి? పనస మొదటిది. పసుపు రంగు, మధ్యరకం బరువు, చక్కగా పలుకుతుంది, లేత్ మీద వింటుంది. పాత పనస కొస దొరికితే అంకుడు లేని లోటు చాలావరకు తీరుతుంది. టేకు అందరికీ ముద్దు, అయినా గిలక్కాయకు నేను వాడను. దానిలో నూనె గుణం ఉంటుంది, రంధ్రాలు పెద్దవి, దాని పొడి కొంతమందికి ఒంటికి పడదు. వేప పురుగును ఆపుతుంది గానీ నోటికి చేదు. తుని చుట్టూ మామిడి తోటలే కాబట్టి మామిడి చెక్క చౌక. అది గరుకు నార, త్వరగా మరకలు పడుతుంది, పుచ్చు కూడా ఎక్కువే. జీడిమామిడి బెరడులో ఒళ్లు పొక్కించే జీడి ఉంటుంది గనక పసిబిడ్డ వస్తువుకు ఆ చెట్టు ఆలోచనే వద్దు. సరుగుడు గట్టిది, కానీ ఆరేటప్పుడు బీటలిస్తుంది. రంపచోడవరం, మారేడుమిల్లి వైపు రబ్బరు తోటలున్నాయి. రబ్బరు చెక్క తెల్లగా, సాపుగా ఉంటుంది, లేత్ మీద బాగా తిరుగుతుంది. అయితే దానిలో పిండిపదార్థం ఎక్కువ, పురుగు పట్టకుండా సాధారణంగా బోరాన్ మందులో నానబెడతారు. అందువల్ల పెద్దల వస్తువులకు సరేగానీ పసిపిల్లలవాటికి వద్దంటాను.

ఇరుగుడు, అదే రోజ్‌వుడ్, కొట్టి చూస్తే మనసు పడిపోతుంది. అంత నిలకడగా మోగే కర్ర మరొకటి దొరకడం కష్టం. జైలోఫోన్ పలకలకు ఆ జాతి కర్రలే వాడటం ఊరికే జరగలేదు. కానీ ఆ జాతి మొత్తం 2017 జనవరి నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణలో ఉంది. దాని పొడి ఎలర్జీ తెస్తుంది. పసిచేతికి బరువు ఎక్కువ, మొహం మీద పడితే దెబ్బ తగులుతుంది. మోతకూ మెత్తదనానికీ మధ్య ఈ పేచీని తుని తగవు తీర్చినట్టు సగం సగం పంచి తీర్చలేం, బిడ్డ పక్షానే తీర్పు చెప్పాలి. అంకుడు ఆ తీర్పుకు సరిగ్గా సరిపోతుంది. మోత చాలినంత, బరువు తక్కువ.

లేత్ మీది పని త్వరగా చెప్పేస్తాను. గుల్లకు కావలసిన రెండు సగాలనూ ఒకే ముక్కలో పక్కపక్క భాగాల నుంచి తీయాలి, అప్పుడు రెండూ ఒకేలా కుంచించుకుంటాయి. కర్ర పొడవు దిశలో దాదాపు కుంచించుకోదు. అడ్డంగా మాత్రం వలయాల వెంట కుంచించుకున్నంతలో సగమే బెండు నుంచి బెరడు వైపు కుంచించుకుంటుంది. గుండ్రంగా తీసింది కోలగా మారేది అందుకే. దీనికి విరుగుడు రెండు విడతల్లో తిప్పడం. మొదట గరుకుగా, కావలసినదానికన్నా 5 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచి గుల్ల తీసి, రెండు మూడు వారాలు నీడలో వదిలేయాలి. అది తన ఇష్టప్రకారం వంగాక మళ్లీ లేత్ ఎక్కించి సరిచేయాలి. ఆఖరి గోడ మందం 4 నుంచి 5 మిల్లీమీటర్లు. 3 కన్నా తగ్గితే మోత పెరుగుతుంది గానీ నేలకేసి కొట్టినప్పుడు పగులుతుంది, పిల్లలు నేలకేసి కొట్టకుండా ఉండరు. గుల్ల అడ్డకొలత 4.5 సెంటీమీటర్లకు తగ్గకూడదు. పిడి రెండో కొసకూ అంతే లావు గుండు ఉంచాలి, గొంతులోకి దిగకుండా.

లోపల ఏం వేయాలన్నది కూడా ఎంపికే. గురివింద గింజలు చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా వేయకూడదు, అవి విషం. పప్పుగింజలకు పురుగు పడుతుంది. తాండవ ఇసుకలో దొరికే బఠాణీ గింజంత నున్నటి గులకరాళ్లు కడిగి ఆరబెట్టి మూడు నాలుగు వేస్తే చాలు. ఎక్కువ వేస్తే ఒకదానిమీద ఒకటి పడి మోత చస్తుంది. ఒక సగం అంచును పెదవిలా తీసి రెండో సగంలో బిగువుగా దిగేటట్టు చేసి, వడ్రంగి జిగురుతో అతికించి, ఆ అతుకు మీదుగా లక్క వేయాలి. అతుకు ఊడితే రాళ్లు బిడ్డ చేతికి వస్తాయి గనక ఇక్కడ రాజీ లేదు. ఏడాది లోపు పిల్లలకైతే రాళ్లూ గుల్లా లేని ఉంగరాల గిలక్కాయ చేయమని నా సలహా. పిడి చుట్టూ ఉండే రెండు మూడు ఉంగరాలను అదే కర్రలోంచి, ఉలిని రెండు పక్కల నుంచి దూర్చి విడదీస్తారు. అతుకు లేదు, జిగురు లేదు, కర్ర మీద కర్ర తగిలి టకటకలాడుతుంది. దీనికి మాత్రం స్వరం బాగా పైనున్న, బెండు లేని చీలిక ముక్కే తీసుకోవాలి. ఉంగరం సన్నన కాబట్టి నార ఏమాత్రం వంకరున్నా విరుగుతుంది.

ఉప్పు కాగితంతో నునుపు చేశాక లక్క. లక్క పురుగు మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద చేసే గూడే ఈ లక్క. మన దేశంలో ఝార్ఖండ్‌లో ఎక్కువ పండుతుంది. దాని పరిశోధనకు 1924లో పెట్టిన సంస్థ రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో ఉంది. లక్కను వేడిచేసి, లాగి, మడిచి, మళ్లీ లాగుతూ రంగు కలుపుతారు. పసుపుకొమ్ము నుంచి పసుపు, జాఫ్రా గింజల నుంచి నారింజ, నీలి ఆకు నుంచి నీలం. కడ్డీగా చేసిన లక్కను తిరుగుతున్న కర్రకు ఒత్తితే ఒరిపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. ఆ పైన మొగలి ఆకు ఒత్తి పట్టుకుంటే పొర సమంగా పరుచుకుని అద్దం మెరుపు వస్తుంది. పొర పల్చగా ఉండాలి. మందంగా వేస్తే అంతసేపు ఎంచి, ఆరబెట్టి, విని తెచ్చిన మోత లక్క కింద అణిగిపోతుంది.

పూర్తయ్యాక చెవి పక్కన ఊపి చూడాలి, తర్వాత నడుమెత్తు నుంచి గచ్చు మీద నాలుగైదుసార్లు వదిలి, మళ్లీ ఊపి చూడాలి. మోతలో కొత్తగా జీర వస్తే అతుకు కదిలినట్టే, అది బిడ్డ దగ్గరికి వెళ్లకూడదు. బాగున్నదాన్ని ఇచ్చేటప్పుడు ఆ తల్లికి ఒక మాట చెప్పాలి: వేడినీళ్లలో వేయొద్దమ్మా, లక్క మెత్తబడుతుంది, తడిగుడ్డతో తుడిచి వెంటనే పొడిగుడ్డతో ఒత్తితే చాలు. మెరుపు తగ్గితే తిరిగి తెచ్చివ్వమనాలి. లేత్ మీద మళ్లీ తిప్పి మొగలి ఆకు ఒత్తితే అదే లక్క మళ్లీ మెరుస్తుంది.